అర్జీదారా, హక్కుదారా? – ఆస్ట్రేలియా ‘అపహృత తరాల’ పరిహార దరఖాస్తు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆస్ట్రేలియాలో 20వ శతాబ్దపు తొలి ఏడు దశాబ్దాలలో వేలాదిమంది ఆదివాసీ పిల్లలను ప్రభుత్వాలు తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఆశ్రమాలకు, మిషన్లకు, తెల్లవారి కుటుంబాలకు తరలించాయి. ఆ పిల్లలకు, అంటే ఇప్పటి వృద్ధులకు, కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర ప్రభుత్వం పరిహార పథకాలను ప్రకటించాయి. ఈ పథకాలకు దరఖాస్తు చేసుకునే క్రమాన్ని వివరిస్తూ, వాటిలో రుజువు చేసే బాధ్యత ఎవరిమీద పడుతున్నదనే ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇచ్చే మొత్తం కంటే ఈ ప్రశ్నే పథకం స్వభావాన్ని తేల్చిచెబుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కీలకపదాలు: అపహృత తరాలు, ఆదివాసీలు, పరిహారం, ఎక్స్‌గ్రేషియా, దరఖాస్తు, మౌఖిక సాక్ష్యం, అభిలేఖాగారం.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ విద్యార్థులకు లేఖారచన పాఠం చెప్పేటప్పుడు దరఖాస్తు నమూనా ఒకటి బోర్డుమీద రాస్తాం. అది ‘గౌరవనీయులైన అధికారిగారికి’ అని మొదలవుతుంది. ‘దయతో పరిశీలించి’ అనే మాట దాటకుండా ముగియదు. అర్జీ, దరఖాస్తు, విన్నపం, మనవి – ఏ పదాన్ని తీసుకున్నా అడిగేవారు కింద, ఇచ్చేవారు పైన ఉంటారు. పారసీకం నుంచి వచ్చిన ‘దరఖాస్తు’కు మూలార్థం కోరిక, అభ్యర్థన. ఇచ్చేదీ మానేదీ పైవాడి ఇష్టమనే భావం ఆ రచనారూపంలోనే ఇమిడి ఉంది.

ప్రభుత్వమే తప్పు చేసి, దాన్ని పార్లమెంటులో ఒప్పుకొని, ఆపైన బాధితుణ్ణి దరఖాస్తు పెట్టుకోమంటే ఆ రచనారూపం ఏమవుతుంది? రుణగ్రస్తుడు అప్పిచ్చినవాణ్ణి అర్జీ రాయమన్నట్టే కదా! ఆస్ట్రేలియాలో ‘స్టోలెన్ జనరేషన్స్’గా పిలిచే ప్రజల విషయంలో గత రెండు దశాబ్దాలుగా జరుగుతున్నది ఇదే. ఈ పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు చరిత్రకారుడు పీటర్ రీడ్. న్యూ సౌత్ వేల్స్ ఆదివాసీ పిల్లల తరలింపుపై 1981లో ఆయన వెలువరించిన చిన్న పుస్తకానికి అదే శీర్షిక. ఈ వ్యాసంలో దానికి ‘అపహృత తరాలు’ అనే పదబంధాన్ని వాడుతున్నాను. ‘విడిపోయిన’, ‘దూరమైన’ వంటి మెత్తని విశేషణాలలో కర్త కనిపించడు. ‘అపహృత’ అన్నప్పుడు అపహరించినవాడెవరనే ప్రశ్న వెన్నంటే వస్తుంది.

2. చట్టం పిల్లలను ఎలా తీసుకుంది

పథకాల అర్హత నిబంధనలలో పదే పదే కనిపించే సంవత్సరాలు, సంస్థల పేర్లు అర్థం కావాలంటే పాత చట్టాలను కొంత తెలుసుకోవాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905నాటి చట్టం చీఫ్ ప్రొటెక్టర్ అనే అధికారిని పదహారేళ్లలోపు ఆదివాసీ పిల్లలందరికీ న్యాయసమ్మత సంరక్షకుణ్ణి చేసింది. తల్లీ తండ్రీ బతికి ఉన్నా సంరక్షకుడు ఆయనే. ఉత్తర ప్రాంతంలో, అంటే నార్తర్న్ టెరిటరీలో, 1918నాటి ఆర్డినెన్సు కూడా ఇటువంటి అధికారాన్నే ఇచ్చింది.

న్యూ సౌత్ వేల్స్ ఉదాహరణ ఈ వ్యాసానికి మరింత ముఖ్యం. అక్కడ 1909నాటి ఆదివాసీ సంరక్షణ చట్టం ప్రకారం పిల్లవాణ్ణి తీసుకోవాలంటే వాడు నిరాదరణకు గురయ్యాడని బోర్డు మేజిస్ట్రేటు ముందు చూపవలసి వచ్చేది. 1915 సవరణ ఆ అవసరాన్ని తొలగించింది. పిల్లవాడి నైతిక, శారీరక శ్రేయస్సుకు మంచిదని బోర్డు భావిస్తే చాలు, తీసుకోవచ్చు. అభ్యంతరం ఉన్న తల్లిదండ్రులే కోర్టుకు వెళ్లాలి. వెళ్లడానికి డబ్బు, భాష, రవాణా, ధైర్యం ఏవీ అందుబాటులో లేని తల్లిదండ్రుల మీదికి రుజువు భారం ఒక్క సవరణతో బదిలీ అయింది. ఈ బదిలీని గుర్తుంచుకోవాలి. నేటి దరఖాస్తు ఫారాలలోనూ అది మళ్లీ ఎదురవుతుంది.

ఇలా తీసుకున్న ఆడపిల్లలను కూటముండ్రా ఆశ్రమంలో ఇంటిపనుల శిక్షణకు, మగపిల్లలను కిన్‌చెలా ఆశ్రమంలో వ్యవసాయపు పనుల శిక్షణకు ఉంచారు. కిన్‌చెలాలో పిల్లలను పేర్లతో కాక అంకెలతో పిలిచేవారని అక్కడ పెరిగినవారు చెప్పారు. సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. చాలామందికి అమ్మ చనిపోయిందనో, అమ్మకు వాళ్లు అక్కర్లేదనో చెప్పారు. అమ్మ రాసిన ఉత్తరాలు దస్త్రాలలో ఉండిపోయాయి.

తెలుగు పాఠకుడికి ఇదంతా పూర్తిగా పరాయి కథ కాదు. 1911నాటి నేరస్థ తెగల చట్టంలోని 17వ సెక్షను, ఆ తెగల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకలవారి కోసం ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలోదే. రెండు చట్టాలూ ఒకే సామ్రాజ్యపు పాలనాభాషలో రాసినవి. ఆ పోలికను సాగదీయడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. ఆ సెటిల్‌మెంట్ల దస్త్రాలమీద పనిచేసే పరిశోధకులకు ఆస్ట్రేలియా అనుభవం పనికివస్తుందని మాత్రం అనుకుంటున్నాను.

3. 1997 నివేదిక చెప్పినది, జరిగినది

1995లో నియమితమైన జాతీయ విచారణ సర్ రోనాల్డ్ విల్సన్, మిక్ డాడ్సన్‌ల నేతృత్వంలో సాగింది. 535 మంది ఆదివాసీలు తమ కథలను చెప్పుకున్నారు. ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ అనే పేరుతో ఆ నివేదిక 1997 మే 26న కేంద్ర పార్లమెంటు ముందుకు వచ్చింది. సుమారు 1910 నుంచి 1970 వరకు ఆదివాసీ పిల్లలలో ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి వరకు బలవంతపు తరలింపుకు గురయ్యారని అది అంచనా వేసింది. ‘ఒకటి బై పది – ఒకటి బై మూడు’ అనే ఈ విశాలమైన వ్యత్యాసం కూడా దస్త్రాల దుస్థితికి సాక్ష్యమే.

నివేదికలోని 54 సిఫారసులలో ఈ వ్యాసానికి కీలకమైనది పద్దెనిమిదవది. తరలింపు జరిగిందన్న ఒక్క కారణంతోనే ప్రతి బాధితుడికీ ఒక కనీస మొత్తం చెల్లించాలని అది చెప్పింది. చెల్లించకూడదనుకుంటే, ఆ తరలింపు పిల్లవాడి శ్రేయస్సుకే జరిగిందని సంబంధిత ప్రభుత్వం నిరూపించుకోవాలి. 1915లో తల్లిదండ్రుల మీదికి నెట్టిన భారాన్ని ఈ సిఫారసు తిరిగి ప్రభుత్వం మీద పెట్టింది. ప్రత్యేకమైన హాని జరిగినవారు దాన్ని చూపి అదనపు పరిహారం పొందవచ్చునన్నది తర్వాతి సిఫారసు. శరీరానికి జరిగిన హానితో పాటు కుటుంబజీవన విచ్ఛేదాన్ని, సాంస్కృతిక హక్కుల నష్టాన్ని, భూమి హక్కుల నష్టాన్ని కూడా పరిహారం లెక్కలోకి తీసుకోవాలని నివేదిక సూచించింది.

అది సూచించిన జాతీయ పరిహార నిధి ఏర్పడలేదు. అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ క్షమాపణకే అంగీకరించలేదు. 1999లో పార్లమెంటు తీర్మానంలో ‘విచారం’ అనే మాట దగ్గరే ఆగారు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ క్షమాపణ చెప్పారు గాని, పరిహారం ఉండదని ఆయన ప్రభుత్వం స్పష్టం చేసింది.

4. కోర్టు గుమ్మం దగ్గర

పథకాలు లేనప్పుడు మిగిలిన దారి న్యాయస్థానం. లోర్నా కుబిల్లో, పీటర్ గన్నర్ కేంద్ర ప్రభుత్వంపై వేసిన దావాలో 2000 సంవత్సరంలో తీర్పు వచ్చింది. కుబిల్లోను 1947లో, గన్నర్‌ను 1956లో తరలించారు. అప్పటి అధికారులు, సాక్షులు చాలామంది మరణించారు. ఇంత ఆలస్యంగా విచారిస్తే ప్రతివాదికి అన్యాయం జరుగుతుందని కోర్టు భావించింది. గన్నర్ విషయంలో ఒక కాగితం బయటపడింది. కొడుకును ఆశ్రమానికి తీసుకోవలసిందిగా తల్లి కోరినట్టున్న పత్రం అది, కింద వేలిముద్ర ఉంది. ఆ ముద్ర ఆమెదేనా, అయితే అందులో ఏముందో ఆమెకు తెలుసా అన్నది తేల్చలేకపోయినా, ఆ కాగితం దావాకు వ్యతిరేకంగానే పనిచేసింది. ఇద్దరూ ఓడిపోయారు.

కాగితంపై వేలిముద్ర అంటే ఏమిటో మన పల్లెలకు చెప్పనక్కర్లేదు. షావుకారు దగ్గరి ప్రామిసరీ నోటు మీద ఎంత రాసి ఉందో తెలియకుండానే బొటనవేలు అద్దినవారి మనవలు ఇవాళ మన తరగతుల్లో కూర్చుంటున్నారు.

గెలిచిన దావా బ్రూస్ ట్రెవారోది. 1957 క్రిస్మస్ రోజున పదమూడు నెలల పిల్లవాణ్ణి కడుపునొప్పితో అడిలైడ్ ఆసుపత్రికి చేర్చారు. రెండు వారాలు తిరక్కుండానే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, అతణ్ణి ఒక తెల్లవారి కుటుంబానికి అప్పగించారు. కొడుకు ఎలా ఉన్నాడని తల్లి 1958లో ఉత్తరం రాసింది. బాగా కోలుకుంటున్నాడని, వైద్యం కోసం ఇంకా ఉంచాలని ఆమెకు జవాబు వచ్చింది. అప్పటికి పిల్లవాడు ఆసుపత్రిలో లేడు. 2007లో దక్షిణ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు అతనికి 5,25,000 డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది.

అతను ఎందుకు గెలిచాడన్నది గమనించదగినది. తల్లి ఉత్తరమూ దాని జవాబూ దస్త్రంలో భద్రంగా ఉన్నాయి. అలా తరలించే చట్టపరమైన అధికారం తమకు లేదని బోర్డుకు ముందే అందిన న్యాయసలహా కూడా దొరికింది. అంటే నష్టపు తీవ్రతతో పాటు కాగితపు లభ్యత కూడా తీర్పును నిర్ణయించింది. తనకు జరిగినదంతా మౌఖికంగా మాత్రమే చెప్పగలిగినవారికి ఆ దారి మూసుకుపోయినట్టే. ట్రెవారో మరుసటి ఏడాదే, 2008 జూన్‌లో, మరణించాడు.

5. పథకాలు: మొత్తాలు, గడువులు

తొలి పథకం టాస్మేనియాది. 2006నాటి చట్టంతో 50 లక్షల డాలర్ల నిధి ఏర్పడింది. 151 దరఖాస్తులు రాగా 106 మందిని అర్హులుగా గుర్తించారు. వారిలో జీవించి ఉన్న 84 మందికి తలా 58,333 డాలర్ల 33 సెంట్లు అందాయి. మరణించినవారి సంతానమైన 22 మందికి నాలుగైదు వేల చొప్పున ఇచ్చారు. ఆ 33 సెంట్లు ఎక్కడివి? వారసులకు పోగా మిగిలిన 49 లక్షలను 84తో భాగిస్తే వచ్చిన శేషం. బాధను కొలిచి ఆ మొత్తాన్ని నిర్ణయించలేదు. ముందే నిర్ణయించిన నిధిని పంచారు. మరొక పదిమంది అర్హులు తేలి ఉంటే ప్రతి ఒక్కరి బాధ విలువ ఆ మేరకు తగ్గి ఉండేది!

తర్వాతివాటిలో ఎక్కువ భాగం తలకు ఇంత అని నిర్ణయించాయి. దక్షిణ ఆస్ట్రేలియా 2016నాటి పథకానికి 110 లక్షల డాలర్లు కేటాయించింది. అందులో 60 లక్షలు వ్యక్తులకు, మిగిలినది సమాజానికి ఉమ్మడిగా. న్యూ సౌత్ వేల్స్ 2017 జులై 1 నుంచి ఒక్కొక్కరికి 75,000 డాలర్ల పథకాన్ని, దానితోపాటు అంత్యక్రియల ఖర్చుకు 7,000 డాలర్లను అమలుచేసింది. విక్టోరియా 2022 మార్చి 31న లక్ష డాలర్ల పథకం ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం తాను నేరుగా పాలించిన ఉత్తర ప్రాంతం, రాజధాని ప్రాంతం, జెర్విస్ బే ప్రాంతాలకు సంబంధించి 2022 మార్చి 1 నుంచి 75,000 డాలర్ల వరకు చెల్లింపు, స్వస్థత కోసం మరో 7,000 ఇచ్చే పథకాన్ని తెచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా 2025 మే నెలలో 85,000 డాలర్ల పథకాన్ని ప్రకటించింది. 1905 చట్టం పుట్టిన నేల అన్నిటికంటే వెనుక కదిలింది.

వీటిలో చాలా చెల్లింపులకు ప్రభుత్వాలు పెట్టిన పేరు ఎక్స్‌గ్రేషియా. ఈ లాటిన్ మాట మన దినపత్రికల పాఠకులకు కొట్టిన పిండి. బస్సు లోయలో పడినప్పుడు, బాణసంచా కేంద్రం పేలినప్పుడు ముఖ్యమంత్రి మృతుల కుటుంబాలకు ‘ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు’ అని చదువుతుంటాం. ‘దయాపూర్వకంగా’ అని దాని అర్థం. చట్టపరమైన బాధ్యతను అంగీకరించకుండా ఇచ్చే సొమ్ము అది. నష్టపరిహారమంటే బాధితుడి హక్కు, ఎక్స్‌గ్రేషియా అంటే దాత ఔదార్యం. మన వార్తల భాష ఈ రెంటినీ పర్యాయపదాలుగా వాడుతూ వస్తున్నది. ఆ వాడుక ప్రభుత్వాలకు అనుకూలమైనదే. క్షమాపణ చెప్పిన రాజ్యమే చెల్లింపుకు ‘దయ’ అని పేరు పెట్టడంలో ఉన్న వైరుధ్యాన్ని, ఈ తేడా తెలిస్తేనే గుర్తించగలం.

6. దరఖాస్తు ఫారం ఏమడుగుతుంది

ఫారం అడిగే ప్రశ్నలు చూడటానికి సులువుగా ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఎప్పుడు తరలించారు, ఎక్కడ ఉంచారు, ఎవరు తీసుకెళ్లారు అన్నవే ఆ ప్రశ్నలు. ఏ పేరు రాయాలి? అమ్మ పెట్టినదా, ఆశ్రమం పెట్టినదా, పెంపుడు ఇంటివారు పెట్టినదా? పుట్టిన తేదీ గుమాస్తా ఉజ్జాయింపుగా వేసినదైతే ఏది నిజం? రెండేళ్ల వయసులో తరలించినవారికి తీసుకెళ్లినవారి హోదా ఎలా గుర్తుంటుంది? మనిషి దగ్గర ఆ వివరాలు లేకపోవడమే జరిగిన నేరంలో ఒక భాగం. ఆ వివరాలనే అర్హతకు ఆధారంగా అడుగుతుంది ఫారం.

ఈ చిక్కును కొత్త పథకాలు కొంతవరకు గుర్తించాయని ఒప్పుకోవాలి. దరఖాస్తుదారు గుర్తింపు పత్రంతో పాటు తనకు తెలిసినంత చెబితే చాలు. అభిలేఖాగారంలో వెతికే పని పథకం సిబ్బంది చేపడతారు. దస్త్రం దొరకనంత మాత్రాన దరఖాస్తును తోసిపుచ్చరు. ఆశ్రమంలో కలిసి పెరిగినవారి మాట, కుటుంబ సభ్యుల మాట కూడా లెక్కలోకి వస్తాయి. ఫారం నింపడానికి ఉచిత న్యాయసహాయం, మానసిక ఆలంబన ఏర్పాటు చేశారు. 1980 నుంచి విడిపోయిన కుటుంబాలను కలుపుతున్న లింక్-అప్ సంస్థలు చాలామందికి తొలి మెట్టు. మౌఖిక సాహిత్యాన్ని ఆధారంగా అంగీకరింపజేయడానికి మన విశ్వవిద్యాలయాలలో ఎంత కాలం పట్టిందో తెలిసినవారికి, ప్రభుత్వ కార్యాలయం నోటిమాటను సాక్ష్యంగా స్వీకరించడం చిన్న విషయంగా తోచదు.

అయితే దస్త్రం దొరకడం కూడా కొత్త గాయం కావచ్చు. అరవై ఏళ్ల తర్వాత తన దస్త్రం తెరిచిన మనిషికి, అమ్మ వద్దనుకుందని తాను జీవితమంతా నమ్మినచోట, అమ్మ రాసిన ఉత్తరం కనిపిస్తుంది. అధికారి దాని అంచున రాసిన నిరాకరణ కనిపిస్తుంది. అర్హతను రుజువు చేసే కాగితమూ అదే, జీవితాన్ని తలకిందులు చేసే కాగితమూ అదే. దరఖాస్తు దశలోనే మానసిక ఆలంబన అవసరమనడానికి కారణమిదే.

కేంద్ర పథకంలోని మూడవ అంశం నాకు విశేషంగా తోచింది. దరఖాస్తుదారు కోరుకుంటే ఒక ఉన్నతాధికారి ఎదుట, తనవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని, తన కథ చెప్పుకోవచ్చు. అధికారి విని, ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాలి. విక్టోరియా పథకంలోనూ వ్యక్తిగత క్షమాపణ, కథను నమోదు చేసే అవకాశం ఉన్నాయి. దరఖాస్తు అనే రచనారూపంలో పైనున్నవాడు కిందికి దిగే క్షణం ఏదైనా ఉంటే అది ఇదే. డబ్బు లెక్కలకు దొరికినంత చర్చ దీనికి దొరకలేదు.

7. గీతకు అవతల ఉన్నవారు

ప్రతి పథకమూ ఎక్కడో ఒక గీత గీస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఆ గీత ఆదివాసీ సంరక్షణ బోర్డు, దాని వారసురాలైన సంక్షేమ బోర్డు. 1969 జూన్ 2న అది రద్దయ్యేలోపు దాని అధీనంలోకి వచ్చినవారే అర్హులు. అదే ఊరి నుంచి, అదే ఏడాది, సాధారణ శిశుసంక్షేమ శాఖ ద్వారా తీసుకెళ్లినవారు గీతకు అవతల ఉండిపోయారు. పిల్లవాడికి ఏ శాఖ వాహనం వచ్చిందో ఏం తెలుసు? విక్టోరియా 1976 డిసెంబరు 31కి ముందు తరలించినవారందరినీ పరిగణించి ఈ గీతను కొంత సడలించింది. క్వీన్స్‌లాండ్‌లో దొంగిలించిన వేతనాల దావా 2019లో 19 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అది పిల్లల తరలింపుకు సంబంధించినది కాదు. తరలింపుకు ప్రత్యేక పథకం ఆ రాష్ట్రం తేలేదు.

అన్నిటికంటే కఠినమైన గీత మరణం. పథకాలు ప్రధానంగా జీవించి ఉన్నవారికే. కేంద్ర పథకంలో, ప్రకటన వెలువడిన 2021 ఆగస్టు 5న గాని ఆ తర్వాత గాని మరణించినవారి తరఫున కుటుంబం దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. అంతకు ముందురోజు కన్నుమూసినవారి పిల్లలకు ఆ వీలు లేకపోయింది. నివేదిక వచ్చింది 1997లో. ఆ పథకం వచ్చింది 2022లో. మధ్యనున్న పాతికేళ్లలో పోయినవారి వాటా ఖజానాలోనే మిగిలింది. ఆలస్యం ఇక్కడ ప్రభుత్వానికి లాభించింది. ఇది కటువైన మాటే గాని, లెక్కకు అందేదే.

1976నాటి గీత ప్రకారం విక్టోరియాలో అర్హులైనవారిలో అందరికంటే చిన్నవారికి కూడా యాభై ఏళ్లు సమీపించాయి, లేదా దాటాయి. పెద్దవారు ఎనభైలలో, తొంభైలలో ఉన్నారు. అక్కడ దరఖాస్తులకు నిర్ణయించిన చివరి తేదీ 2027 మార్చి 31.